నిలబడ్డప్పుడా, ఉరికినప్పుడా?

బండి వణుకుతోందని నిజామాబాద్‌లో మెకానిక్ షెడ్డుకు తెచ్చిన మనిషిని ఉస్తాద్ బానెట్ ఎత్తకముందే ఒక మాట అడిగేవాడు: "ఎప్పుడు కొట్టుకుంటుంది పటేలా? నిలబడ్డప్పుడా, ఉరికినప్పుడా?" వచ్చినవాడు బోధన్ వైపు చెరకు రైతయితే పటేలా, గంజ్‌లో పసుపు వ్యాపారి అయితే సేటు, శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం ఆఫీసరయితే సారు. పిలుపు మారేది గాని ప్రశ్న మారేది కాదు. పానా చేతికి తీసుకోవాలా, బండెక్కి ఒక చక్కర్ కొట్టి రావాలా అన్నది ఆ జవాబును బట్టి తేలేది. అంబాసిడర్, ఫియట్, జీపు తప్ప నాలుగో బండి పేరు పెద్దగా వినపడని ఆ కాలం గురించి ఇప్పుడు ఎవరు మాట్లాడినా ఒకటే పాట: ఆ ఉస్తాద్‌లు చెయ్యి పెడితే చాలు రోగం చెప్పేవారట, వాళ్ళ హస్తవాసి అలాంటిదట. ఈ పొగడ్త వాళ్ళకు అన్యాయమే చేస్తుందని నా అభిప్రాయం. హస్తవాసి అనేస్తే ఇక నేర్చుకోవడానికీ నేర్పడానికీ ఏమీ మిగలదు. వాళ్ళు చేసింది లెక్క. కాగితం మీద పెట్టని లెక్క గనుక చూసేవాళ్ళకు మహిమలా కనిపించింది.

ఆ లెక్క ఎలా సాధ్యపడిందో తెలియాలంటే ముందు ఆ బండ్ల సంగతి చెప్పుకోవాలి. అంబాసిడర్ అంటే ఇంగ్లండ్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. దాన్ని కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా తయారుచేస్తూనే ఉంది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజను దశాబ్దాల పాటు అదే. బొంబాయి ఫియట్ 1970లలో ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకుంది గాని లోపలి 1089 సీసీ ఇంజను మారలేదు. లైసెన్సుల రాజ్యంలో దేశానికి పట్టిన దరిద్రమని దీన్ని తిట్టుకున్నవాళ్ళున్నారు. ఏళ్ళకేళ్ళు వరసలో నిలబడి కొనుక్కునేవాడికి అది దరిద్రమే. మెకానిక్‌కు మాత్రం ఒకే పుస్తకాన్ని ముప్పై ఏళ్ళు చదివే అవకాశం. షాగిర్దుగా, అంటే శిష్యుడిగా, ఉన్నప్పుడు విప్పిన ఇంజనే గడ్డం నెరిశాకా ఎదురొచ్చేది. పైగా ఆ ఇంజనులో ప్రతిదీ చేతికందేది. బానెట్ కింద తల దూర్చి, భుజాలు దూర్చి, ఇంకా ఒక పిల్లవాడిని పక్కన నిలబెట్టుకునేంత చోటు. డిస్ట్రిబ్యూటర్ నుంచి నాలుగు ప్లగ్గులకు నాలుగు వైర్లు ఎదురుగా కనబడుతూ ఉండేవి. ఒక్కో సిలిండరును విడదీసి "నువ్వు పనిచేస్తున్నావా?" అని అడగడానికి వీలున్న యంత్రమది. చెప్పదలచుకున్న దానికంతా కీలకం ఇక్కడే ఉంది.

నిలబడ్డప్పుడే వణుకు అన్నారనుకుందాం. ఇంజను నిమిషానికి 600 చుట్ల చొప్పున నెమ్మదిగా తిరుగుతోంది, అంటే సెకనుకు 10 చుట్లు. నాలుగు సిలిండర్ల ఇంజనులో చుట్టుకు రెండు మంటలు గనుక సెకనుకు 20 దెబ్బలు. అంత దగ్గరగా పడే దెబ్బలు చేతికి విడివిడిగా తెలియవు, ఒకటే మోతగా కలిసిపోతాయి. ఇప్పుడు ఒక సిలిండరు మూగబోయింది. ఒక్కో సిలిండరు వంతు సెకనుకు 5 సార్లు వస్తుంది కాబట్టి సెకనుకు 5 ఖాళీలు పడతాయి. ఇరవైని పట్టలేని అరచెయ్యి ఐదును పట్టగలదు. ట్యాపెట్ కవర్ మీద చెయ్యి ఆన్చినా, పొగగొట్టం వెనక అరచెయ్యి అడ్డం పెట్టినా ఆ ఖాళీ తగులుతుంది. చెయ్యి పెట్టి చెప్పేయడమంటే ఇదే, ఇందులో మంత్రం లేదు. ఏ సిలిండరో చెయ్యి చెప్పలేదు, దానికి వైర్లు పీకాలి. ఒకటో ప్లగ్గు వైరు లాగితే ఇంజను ఇంకాస్త కుంటిందంటే ఒకటోది బతికే ఉంది, వైరు మళ్ళీ తగిలించాలి. రెండోది లాగాలి, మూడోది లాగాలి. ఏ వైరు లాగినా తేడా రాలేదో ఆ సిలిండరు అంతకుముందే చచ్చింది. ఆ ప్లగ్గు విప్పి ముక్కు చూస్తే మిగతా కథ ఉంటుంది. గోధుమ రంగయితే ఆరోగ్యం. పొడిపొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ, నూనె తడి అయితే రింగులు లేదా బోరు అరిగాయి, తెల్లగా కాలితే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది. అక్కడితోనూ ఆగరు. ఆ ప్లగ్గును పక్క సిలిండరులో బిగించి, దాని ప్లగ్గును ఇక్కడ బిగించి మళ్ళీ స్టార్ట్ చేస్తారు. జబ్బు ప్లగ్గుతో పాటు పక్కింటికి పోయిందా, ఇక్కడే ఉండిపోయిందా? పోతే ప్లగ్గుదే తప్పు. ఉండిపోతే వైరు, క్యాపు, పాయింట్లు, ట్యాపెట్లు వరసగా విచారణకు వస్తాయి. అంబాసిడర్‌కు పాయింట్ల సందు పదిహేను థౌ, ప్లగ్గుకు ఇరవై అయిదు, ట్యాపెట్‌కు పదిహేను. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఫీలర్ గేజీ రేకు ఆ సందులో వేలికి కొంచెం పట్టినట్టు కదిలితే సరిపోయినట్టు, జారిపోతే వదులు.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది తాళం సంగతి. ఆ ఇంజనులో మంట పడే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. పక్కపక్క సిలిండర్లు రెండు చచ్చాయనుకోండి. ఒకటీ రెండూ చస్తే మూడు, నాలుగు వెంటవెంటనే కొట్టి ఆ తర్వాత రెండు ఖాళీలు పడతాయి. తప్పతాగి డప్పు కొట్టినట్టు ఉంటుంది, బండి బండంతా ఊగుతుంది. రెండూ మూడూ చస్తే మాత్రం ఒక దెబ్బ, ఒక ఖాళీ, ఒక దెబ్బ, ఒక ఖాళీ. తాళం సరిగ్గానే ఉంటుంది గాని బలం సగం, గుంజదు. నడిమి రెండు సిలిండర్ల మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలడం ఆ ఇంజన్లలో మామూలు జబ్బు. అందుకే వణుకు తక్కువగా ఉండి ఎత్తు మీద బండి చతికిలబడుతోందంటే ఉస్తాద్ అనుమానం నేరుగా గ్యాస్కెట్ మీదకు పోయేది. వణుకు ఎక్కువైతే రోగం పెద్దదని యజమాని అనుకుంటాడు, ఇక్కడ లెక్క తిరగబడుతుంది. అనుమానం తీర్చుకోవడానికి బంపర్ కన్నంలోంచి హ్యాండిల్ పెట్టి నెమ్మదిగా రెండు చుట్లు తిప్పేవారు. నాలుగు చోట్ల బిగువు తగలాలి. ఒకచోట తగిలి మరోచోట చెయ్యి జారిపోతే ఆ సిలిండరులో గాలి నిలవడం లేదు. కంప్రెషన్ గేజీ లేని షెడ్డులో మనిషి భుజమే గేజీ.

ఉరికినప్పుడే అని జవాబు వస్తే బండి బోధన్ రోడ్డెక్కేది. సారంగాపూర్, జాన్కంపేట, ఎడపల్లి దాటి శక్కర్‌నగర్ వరకు పాతిక కిలోమీటర్ల దారి ట్రయల్‌కు చాలినంత. ఏ వేగంలో దడ మొదలవుతుందో ఆ వేగానికి తెచ్చి, క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, ఇంజనును నెమ్మదిస్తారు. బండి ఆ ఊపులోనే పోతోంది గాని ఇంజను దాదాపు నిద్రపోతోంది. దడ అప్పటికీ ఆగకపోతే ఇంజనును దోషం నుంచి విడిచిపెట్టవచ్చు, పట్టుకోవాల్సింది చక్రాలనూ షాఫ్టునూ. ఆగిపోతే అది ఇంజనుదో క్లచ్‌దో. అరవై కిలోమీటర్ల వేగంలో అంబాసిడర్ చక్రం సెకనుకు ఎనిమిది చుట్ల దాకా తిరుగుతుంది, కింద పొడుగు షాఫ్టు దానికి నాలుగు రెట్లకు పైగా. చక్రం తేడా ఊపులా తెలుస్తుంది, షాఫ్టు తేడా సీటు కింద జుమ్మని మోగుతుంది. స్టీరింగ్ ఊగితే ముందు చక్రాలు. ఆ గతుకుల రోడ్ల మీద ఇంత సున్నితంగా తేడా పట్టడం ఒట్టి మాట అనేవాళ్ళున్నారు. చెరకు బండ్ల గాడులు పడిన ఆ రోడ్డు నిజంగా ఘోరమే. అయితే గతుకు ఎక్కడ ఉంటే అక్కడే కొడుతుంది, దానికి లయ లేదు. తిరిగే వస్తువు వణుకు వేగంతో పాటు పెరుగుతుంది, వేగంతో పాటు తగ్గుతుంది. ఈ రెంటినీ విడదీయడానికి నున్నటి రోడ్డు అక్కర్లేదు, అదే దారిలో రెండు వేగాల్లో రెండుసార్లు పోయివస్తే చాలు.

ఇంజనును ఛాసిస్‌కు పట్టి ఉంచే రబ్బర్లను మన షెడ్లలో ఫౌండేషన్ అంటారు. ఇంజనీరింగ్ పుస్తకాల్లో మౌంటింగ్. నాకు మన మాటే బాగుంది, ఇంటికి పునాదిలా. వణుకు అనగానే ఫౌండేషన్ రబ్బర్లు మార్చమనేవాడు అర మెకానిక్ అని లెక్క. రబ్బరు వణుకును పుట్టించదు, పుట్టినదాన్ని బాడీకి ఎక్కకుండా ఆపుతుంది. ఇంజను నూనె కారి కారి మెత్తబడి చచ్చిన రబ్బరు ఆపలేకపోతుంది. కొత్త రబ్బరు వేస్తే సీటులో కూర్చున్నవాడికి హాయి, లోపల మంట మిస్ అవుతున్న సిలిండరు మాత్రం మిస్ అవుతూనే ఉంటుంది. నొప్పి మాత్ర వేసి జ్వరం తగ్గిందని పంపడం లాంటిది. పెట్రోలు ధర పెరిగాక అంబాసిడర్లలోకి, జీపుల్లోకి డీజిల్ ఇంజన్లు ఎక్కించడం మొదలైనప్పుడు ఈ ఫౌండేషన్ల మీద భారం ఇంకా పెరిగింది. పెట్రోలు ఇంజను కోసం కట్టిన కూర్పు మీద బరువైన, మొరటుగా కొట్టే డీజిలును కూర్చోబెట్టి, అద్దాలు గలగలలాడుతుంటే అదేం జబ్బని అడిగితే ఉస్తాద్ నవ్వక ఏం చేస్తాడు?

ఇదంతా దేశంలో ఏ ఊళ్ళోనైనా జరిగిందే కదా, నిజామాబాద్ ప్రత్యేకత ఏముంది అని అడగవచ్చు. ప్లగ్గు వైరు ఎక్కడైనా ప్లగ్గు వైరే. ఈ ప్రాంతానికి ఉన్న తేడా యంత్రాల మధ్య బతకడం, దాంతో పాటు రుతువు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931కి పూర్తయింది. ఆ కాలువల నీటితో చెరకు వచ్చింది, చెరకుతో 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న కర్మాగారం. కాలువల వెంట కోస్తా రైతులు వచ్చి క్యాంపుల్లో స్థిరపడ్డారు. సారంగాపూర్‌లో సహకార చక్కెర కర్మాగారం తర్వాతి సంగతి. చక్కెర కర్మాగారంలో వణుకు అనేది రోజూ వినే భాష. పంచదార పలుకునూ మడ్డినీ విడదీసే సెంట్రిఫ్యూగల్ గంప ఉంటుంది. గిర్రున తిరిగే ఆ గంపలో పాకం ఒక పక్క ఎక్కువ పేరుకుంటే చాలు, గంప ఊగుతుంది. వేగం రెట్టింపైతే ఆ ఊపు బలం నాలుగింతలు. బరువు సమంగా పరుచుకునేలా నిదానంగా నింపడమే దానికి మందు. ఫ్లైవీల్‌కు ప్రెషర్ ప్లేటు బిగించేటప్పుడు పాత గుర్తుకు గుర్తు కలపాలి, లేకపోతే ఇంజను కొట్టుకుంటుంది అన్న షెడ్డు నియమం వెనక ఉన్నదీ సరిగ్గా ఈ సూత్రమే. రాడ్డు ఒక కొన బేరింగుకు, ఇంకో కొన చెవికి ఆనించి వినే ఫిట్టరూ, పొడుగు పేచ్‌కస్‌తో అదే పనిచేసే మెకానిక్కూ ఒకే గాలి పీల్చారు.

ఇక రుతువు. చెరకు ఆడే కాలం చలికాలం మొదట్లో మొదలై ఎండలు ముదిరేదాకా. ఆ నెలల్లో కర్మాగారం ఆగేది కాదు, జీపులు ఆగేవి కావు, ఇంజను దించుదామంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఆడకం అయిపోయాక కర్మాగారంలో మిల్లులన్నీ విప్పి ఓవర్‌హాల్ చేసేవారు. చెరకు డబ్బు చేతిలో ఉన్న రైతు కూడా బండిని ఆ నెలల్లోనే షెడ్డుకు ఇచ్చేవాడు. అరిగిన సిలిండర్ల రీబోరింగ్ కూడా అప్పుడే, ఇరవై థౌ, నలభై, అరవై అని మెట్లు మెట్లుగా సాగేది, అరవై దాటితే స్లీవులు. అంటే సీజనులో ఏది అర్జెంటు, ఏది ఎండాకాలం దాకా ఆగుతుంది అని విడదీసి చెప్పగలిగినవాడికే విలువ. "ఈ వణుకుతో మార్చి దాకా నడిపించొచ్చు పటేలా, ఆ చప్పుడుతో మాత్రం నడిపించొద్దు" అనగలగాలి. ప్లగ్గు మిస్సింగ్ అయితే ఆగవచ్చు, బిగ్ ఎండ్ బేరింగు అయితే క్రాంకు పోతుంది. చుట్టూ ఉన్న బతుకే ఆ విచక్షణను నేర్పింది.

ఇంత తర్కం ఉంటే మరి అంత డబ్బు ఎందుకు పోగొట్టుకున్నారు జనం? ఊహ మీద సామాన్లు మార్పించి, బండి అక్కడే ఉండిపోయిన కథలు తక్కువా? తక్కువేం కాదు. తర్కం అందరికీ వచ్చిందని నేననడం లేదు. పైగా మంచి ఉస్తాద్‌కూ దాటలేని హద్దులుండేవి. రీబోరింగ్ తర్వాత వేసిన నాలుగు పిస్టన్లలో ఒకటి కొన్ని గ్రాములు ఎక్కువ తూగిందా, క్రాంకు ఒక పక్క బరువుందా అన్నది చెవికి అందదు. దాన్ని తూచే బ్యాలెన్సింగ్ యంత్రం ప్రతి షెడ్డులో ఎక్కడిది? కొన్ని వణుకులు రిపేరే పుట్టించినవి. అయినా ఒకటి గమనించాలి. సామాను దొరకడమే కష్టమైన రోజుల్లో ఊహకు ఖరీదెక్కువ. కొత్త డిస్ట్రిబ్యూటర్ తెప్పించి వేశాక కూడా వణుకు పోకపోతే యజమాని మొహం చూడాల్సింది మెకానిక్కే. వైరు పీకి చూడటానికి, ప్లగ్గు మార్చి చూడటానికి మాత్రం పైసా ఖర్చు లేదు. ఖర్చులేని పరీక్షలన్నీ ముందు, ఖర్చయ్యేవి చివర అన్న ఆ వరస బీదరికం లోంచి వచ్చిందే. అయితేనేం, పద్ధతిగా చూస్తే దానికంటే మంచి వరస ఇప్పటికీ లేదు.

బండిలోని కంప్యూటరు చెప్పేది చదివే స్కానర్ ముందు ఇవన్నీ పాతచింతకాయ కబుర్లు అనేది ఇంకో అభ్యంతరం. ఇది కాస్త నిలబడి ఆలోచించాల్సినది. ఇప్పటి బండి మిస్ అయితే స్కానర్‌లో పీ 0301 అని వస్తుంది, ఒకటో సిలిండరు మిస్ అవుతోందని అర్థం. పీ 0303 అయితే మూడోది. కంప్యూటరుకు ఆ సంగతి ఎలా తెలిసింది? క్రాంకుతో పాటు తిరిగే పళ్ళ చక్రం పక్కన ఒక సెన్సరు ఉంటుంది. మంట పడాల్సిన చోట పడకపోతే క్రాంకు ఆ క్షణంలో రవ్వంత మందగిస్తుంది, సెన్సరు ఆ మందగింపును పట్టి ఏ సిలిండరు వంతులో జరిగిందో లెక్క కడుతుంది. ట్యాపెట్ కవర్ మీద ఉన్న అరచెయ్యి పట్టింది ఇదే కదా! చెయ్యి వెతికిన ఖాళీనే యంత్రం వెతుకుతోంది. వేల చుట్ల వేగంలోనూ వెతకగలదు, అలసిపోదు, ఏ సిలిండరో వైరు పీకకుండానే చెబుతుంది. ఆ మేరకు అది చేతికంటే మేలని ఒప్పుకోవడానికి నాకేం బాధ లేదు. ఎందుకు మిస్ అవుతోందో మాత్రం ఆ నంబరు చెప్పదు. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, వాల్వా? అది తేల్చడానికి తెలివైన కుర్ర మెకానిక్ ఒకటో సిలిండరు కాయిలు తీసి మూడోదానికి పెట్టి, కోడు పీ 0303కి మారిందా అని చూస్తాడు. పక్కింటికి పోయిందా, ఇక్కడే ఉందా అన్న పాత ప్రశ్నే అది. తెలివి తక్కువవాడు కాయిలు, ప్లగ్గు, ఇంజెక్టరు మూడూ మార్చి మూడింటికీ బిల్లు వేస్తాడు. స్కానర్ లేని కాలంలోనూ ఉన్న కాలంలోనూ మెకానిక్‌లు ఈ రెండు రకాలే.

పాత పద్ధతికి తగిలిన అసలు దెబ్బ స్కానర్ నుంచి రాలేదు. యంత్రం తలుపులు మూసుకోవడం నుంచి వచ్చింది. 1983 చివర మారుతి 800 వచ్చినప్పుడే ఒక కుదుపు. దానికి మూడే సిలిండర్లు, నాలుగింటి నున్నదనం దానికి పుట్టుకతోనే లేదు, ఇంజను కొస నుంచి కొసకు కొంత ఊగుతుంది. నాలుగు దెబ్బల తాళానికి అలవాటు పడిన చెవి దాని ఆరోగ్యాన్ని రోగమనుకునే ప్రమాదముంది. తర్వాత కార్బొరేటర్ పోయింది, డిస్ట్రిబ్యూటర్ పోయింది, ఇంజను మీద ప్లాస్టిక్ మూత వచ్చింది. ఏడాదికో కొత్త మోడల్ వచ్చే లోకంలో ఒకే పుస్తకాన్ని ముప్పై ఏళ్ళు చదివే వీలు ఎవరికీ లేదు.

పోయినవాటిలో పోవలసినవీ ఉన్నాయి. ఆ విద్యకు ఫీజు కట్టింది షాగిర్దులు. బడికి పోవలసిన వయసులో పానాలు అందిస్తూ, జీతం పేరుతో చాయ్ ఖర్చులు పుచ్చుకుంటూ, పెట్రోలు గొట్టాన్ని నోటితో పీల్చి, కార్బొరేటర్ జెట్టును నోటితో ఊది శుభ్రం చేసిన పిల్లలు. 2000 సంవత్సరం దాకా మన దేశంలో పెట్రోలులో సీసం కలిపి అమ్మారు. ఆ సీసం ఎవరి నోట్లోకి పోయిందో లెక్క రాసినవాళ్ళు లేరు. విద్య గొప్పది, అది నేర్పిన తీరు మంచిది కాదు. ఈ రెండు మాటల్లో ఒకదాన్ని మింగి ఇంకోదాన్ని చెప్పడం నాకు చేతకాదు.

శక్కర్‌నగర్ కర్మాగారం 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. సీజను లేని ఊళ్ళో ఆఫ్ సీజనుకు అర్థం లేదు. ఏపీ 25 నంబరు పలకలున్న పాత అంబాసిడర్లు అక్కడక్కడ పెళ్ళి ఊరేగింపులకు ముస్తాబై కనిపిస్తాయి. వాటికి ఇప్పుడొక కొత్త వణుకు పట్టుకుంది, దాని మూలం వింతగా చెరకులోనే ఉంది. మడ్డి నుంచి తీసిన ఆల్కహాలును పెట్రోలులో కలపడం మనకు కొత్త కాదు, 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. 2025కి వచ్చేసరికి దేశమంతటా బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది గనుక అదే జెట్టులోంచి పోయినా మిశ్రమం పలచబడుతుంది. కొత్త బండిలో కంప్యూటరు దాన్ని సర్దుకుంటుంది, పాత కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. దానికితోడు పెట్రోలు పంపులోని పాత డయాఫ్రం, గొట్టాలు ఇథనాల్‌కు పాడవుతాయి. నెలల తరబడి ఒకేచోట నిలబడిన బండి ట్యాంకులో ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ఊరేగింపులో నెమ్మదిగా పోతున్న కారు ముందు భాగం గజగజమంటుంటే, ప్లగ్గు ముక్కు తెల్లగా ఉంటే, ఫౌండేషన్ మార్చి లాభం లేదు, మిశ్రమంలో పెట్రోలు పెంచాలి. ఎస్‌యూ కార్బొరేటర్ ఉన్న అంబాసిడర్ అయితే కింద జెట్టు నట్టుకు ఆరు పలకలుంటాయి, ఇంజను వేడెక్కాక ఒక్కో పలక చొప్పున కిందికి తిప్పాలి. తిప్పినప్పుడల్లా కార్బొరేటర్‌లోని పిస్టన్‌ను పిన్నుతో మిల్లీమీటరు కంటే తక్కువ ఎత్తి వినాలి. వేగం పెరిగి పెరుగుతూనే ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇంజను ఆగబోతే ఇంకా తక్కువే. ఒక్క క్షణం పెరిగి మళ్ళీ ముందటిలా నిలబడితే నట్టు అక్కడ వదిలేయాలి.